పొలిమేర మాటలు – 17: కులం సరిహద్దు దాటింది, మన సభల చూపే దాటలేదు



"పొరుగు దేశాల్లో హిందువుల మీద దాడులు జరుగుతుంటే మీ దళిత మేధావులు నోరెందుకు విప్పరు?" ఈ ప్రశ్న ఈ మధ్య చాలాసార్లు వచ్చింది. కొందరు తెలుసుకుందామని అడిగారు, కొందరు గిల్లుదామని అడిగారు. ఇద్దరికీ కలిపి ఒకటే జవాబు రాస్తున్నా. కాస్త పొడుగైంది. తీరిగ్గా చదవండి, తిట్టాలనుకుంటే చివరిదాకా చదివి తిట్టండి.

ముందు ఒక పిల్లవాడి సంగతి.

మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం వైపు నుంచి వచ్చాడు. ఇంట్లో బెంగాలీ, బయట తెలుగు. జాషువా గబ్బిలం పాఠం చెబుతున్న రోజు క్లాసు అయ్యాక స్టాఫ్ రూముకు వచ్చి నిలబడ్డాడు. "సార్, తంజావూరు వాడు కాశీ దాకా కబురు పంపించాడు కదా. మా తాత ఖుల్నా నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చాడు. మా కబురు ఎవరికి పంపాలి?" అన్నాడు. కూర్చోబెట్టి అడిగితే చెప్పాడు. వాళ్లు నమశూద్రులు. తూర్పు పాకిస్తాన్‌లో ఉన్నప్పుడు అంటరానివాళ్లు. పశ్చిమ బెంగాల్లో వాళ్ల చుట్టాలు ఎస్సీలు. ఒడిశాలో స్థిరపడ్డ చుట్టాలూ ఎస్సీలే. తెలంగాణలో ఉన్న వీళ్లు మాత్రం ఎస్సీలు కారు. స్కాలర్‌షిప్పుకు కుల ధ్రువీకరణ కోసం ఆఫీసుకు పోతే, కంప్యూటరు ముందున్నాయన తలెత్తకుండానే "ఆ పేరు లిస్టులో లేదు" అన్నాడట.

నిజమే, లేదు. మన రాష్ట్రం షెడ్యూల్డ్ కులాల జాబితాలో 59 పేర్లున్నాయి. 2025లో ఆ 59 పేర్లనూ మూడు గ్రూపులు చేసి వర్గీకరణ చట్టం తెచ్చుకున్నాం. అందులో నమశూద్ర లేదు. 1960లలో ప్రభుత్వమే తెచ్చి అడవి అంచున దింపిన మనుషులు వీళ్లు. భూమి చూపించారు, కార్డులిచ్చారు, ఓటు తీసుకున్నారు. వాళ్లతో పాటు వాళ్ల అంటరానితనం కూడా వచ్చిందన్న సంగతిని మాత్రం ఏ సభా రాసుకోలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. పరాయి దేశంలో పీడనకు గురైన మైనారిటీల గురించి మన ఎంపీలు, ఎమ్మెల్యేలు మాట్లాడినప్పుడల్లా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, ఆ మైనారిటీలో దళితుడు వీళ్ల కంటికి ఆనాడా? రెండు, అక్కడ తప్పన్న పనిని ఇక్కడ కూడా తప్పంటారా? మూడు, మన గురించి పరాయి సభ మాట్లాడితే వింటారా? ఈ మూడింటిలో నెగ్గిన పార్టీ నాకింతవరకూ కనపడలేదు. ఏ ఒక్క జెండానూ మినహాయించడం లేదు.

మొదటి ప్రశ్నకు జవాబు 1947 కరాచీలో ఉంది.

విభజన జరిగింది. సింధ్ నుంచి సవర్ణ హిందువులు ఓడలెక్కి, రైళ్లెక్కి వస్తున్నారు. పాకీ పనివాళ్లు కూడా బయల్దేరారు. వాళ్లను మాత్రం ఆపేశారు. అత్యవసర సేవల చట్టం అడ్డం పెట్టి, మీరు వెళ్లడానికి వీల్లేదన్నారు. కరాచీ మరుగుదొడ్లు ఎవరు ఎత్తాలి మరి? మతం పేరు మీద పుట్టిన దేశానికి హిందువులందరూ పోయినా ఫర్వాలేదు గానీ, పెంట ఎత్తే హిందువు మాత్రం కావలసి వచ్చాడు. అప్పుడు కరాచీలో మన హైకమిషనర్‌గా ఉన్న శ్రీప్రకాశ ఈ మాట అక్కడి ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ దగ్గర ఎత్తినా, వచ్చిన జవాబు అదేనని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

దీని మీద గొంతెత్తింది ఎవరు? బాబాసాహెబ్. 1947 నవంబరులో ప్రకటన ఇచ్చాడు, డిసెంబరు 18న నెహ్రూకు లేఖ రాశాడు. పాకిస్తాన్‌లో చిక్కుకున్న షెడ్యూల్డ్ కులాల వాళ్లు ఇండియాకు వచ్చేయాలన్నాడు, ముస్లిం లీగ్‌ను నమ్మి మోసపోవద్దని గట్టిగా హెచ్చరించాడు. ఈ ముక్కను సంఘ్ పరివార్ వాళ్లు ఇప్పటికీ పోస్టర్లు వేసి తిప్పుతారు. రెండో ముక్క మాత్రం పోస్టర్ మీదికి ఎక్కదు. సరిహద్దు దాటి తూర్పు పంజాబ్ చేరిన అంటరాని శరణార్థులకు ఇక్కడి శిబిరాల్లో ఏం జరుగుతోందో కూడా ఆయన రాశాడు. కుల హిందువుల పక్కన శిబిరంలో ఉండనివ్వరు. శిబిరంలో లేనివాళ్లకు తిండీ బట్టా ఇవ్వరు. అక్కడ పాకీ పనికి కావాలని ఆపారు, ఇక్కడ అంటరానివాడని బయట నిలబెట్టారు. రెండు దేశాల పేర్లు వేరు, మనిషిని కొలిచిన కొలబద్ద ఒకటే.

ఇంకో పేరు. జోగేంద్రనాథ్ మండల్. 1946లో బాబాసాహెబ్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు గెలిపించడంలో ముందున్న నమశూద్ర నాయకుడు. పాకిస్తాన్ రాజ్యాంగ సభ మొదటి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షుడు, ఆ దేశపు మొట్టమొదటి న్యాయశాఖ మంత్రి. 1950లో తూర్పు బెంగాల్ మారణకాండ తర్వాత, అక్టోబరు 8న సుదీర్ఘమైన రాజీనామా లేఖ రాసి ఇండియాకు వచ్చేశాడు. ఆ లేఖలో నమశూద్ర పల్లెల మీద జరిగిన దాడుల వివరాలున్నాయి. ఇవాళ ఆ లేఖను మన పార్లమెంటులో చదివేవాళ్లున్నారు, దళిత–ముస్లిం ఐక్యత అనగానే మన మొహాన కొట్టేవాళ్లున్నారు. సరే, చదవండి. ఆ లేఖలోని ప్రతి చావూ నిజమైన చావే. కానీ ఆ మనిషి ఇండియాకు వచ్చాక ఏమయ్యాడో కూడా చెప్పండి. 1968లో చనిపోయేదాకా శరణార్థుల మధ్యే తిరిగాడు. ఎన్నికల్లో నిలబడ్డాడు, ఓడిపోయాడు, మళ్లీ ఏ చట్టసభలోనూ కూర్చోలేదు. పాకిస్తాన్ చట్టసభలో అధ్యక్ష పీఠమెక్కిన దళితుడికి ఇండియా సభలో వెనక బెంచీ కూడా దొరకలేదు. మండల్ లేఖ వాళ్లకు పనికొచ్చింది, మండల్ మాత్రం అక్కర్లేదు.

ఆయన వెంట వచ్చిన జనం సంగతి చూడండి. ముందుగా వచ్చిన భద్రలోకులు కలకత్తా చుట్టూ కాలనీలు కట్టుకున్నారు. వెనకొచ్చిన నమశూద్ర రైతుకూలీలను బెంగాల్లో చోటు లేదని రాయ్‌పూర్ దగ్గర మానా శిబిరానికి, అక్కడి నుంచి దండకారణ్యానికి తరలించారు. ఆ దండకారణ్యంలో మన పక్కనే ఉన్న మల్కన్‌గిరి కూడా ఉంది. నీటిలో పుట్టి పెరిగిన మనుషులను రాతినేలలో పాతారు. అక్కడ అప్పటికే ఉన్న ఆదివాసుల అడవిని అడక్కుండా పంచిపెట్టారు. అంటే ఒక పీడితుడి బరువును ఇంకో పీడితుడి నెత్తిన దింపారు. ఢిల్లీలో కూర్చుని పునరావాసం అనడం తేలిక.

1978లో వీళ్లలో వేలమంది మళ్లీ బెంగాల్ బాట పట్టారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు శరణార్థుల పక్షాన మాట్లాడిన వామపక్షాలు అప్పటికి అధికారంలోకి వచ్చాయి. సుందర్బన్స్‌లోని మరిచ్‌ఝాపి అనే దీవిలో సొంతంగా గుడిసెలు వేసుకున్నారు, బడి పెట్టుకున్నారు, బావి తవ్వుకున్నారు. 1979 జనవరిలో ప్రభుత్వం దీవిని దిగ్బంధించింది. బియ్యం రానివ్వలేదు, మంచినీళ్లు రానివ్వలేదు. జనవరి 31న కాల్పులు. మే నెలలో గుడిసెలు తగలబెట్టి మిగిలినవాళ్లను ఖాళీ చేయించారు. ఎంతమంది చనిపోయారన్న లెక్క ఈనాటికీ తేలలేదు. పాకిస్తాన్‌లో వీళ్లను తరిమినవాడు మతోన్మాది, ఒప్పుకుంటాం. మరిచ్‌ఝాపిలో తరిమినవాడికి ఏ పేరు పెడదాం? ఎర్ర జెండా పట్టుకున్న నా మిత్రులు ఈ ప్రశ్న దగ్గర మాట మారుస్తారు. మార్చకండి.

ఇక 2003. వాజ్‌పేయి ప్రభుత్వం పౌరసత్వ చట్టాన్ని సవరించింది. అక్రమ వలసదారు అన్న ముద్ర పడితే పౌరసత్వానికి దారి మూసుకుపోయేలా చేసింది. ఆ తర్వాత పుట్టిన బిడ్డకు కూడా, తల్లిదండ్రుల్లో ఒక్కరు ఆ ముద్రలో ఉన్నా జన్మహక్కు లేకుండా పోయింది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది కాగితాల్లేని మతువా, నమశూద్ర కుటుంబాలకే. 2019లో అదే పార్టీ వచ్చి, మీ కన్నీళ్లు తుడుస్తామని ఇంకో సవరణ తెచ్చింది. ముల్లు గుచ్చినవాడే ముల్లు తీస్తానని వస్తే చప్పట్లు కొట్టాలా?

2019 డిసెంబరులో లోక్‌సభలో 311 మంది అవునన్నారు, 80 మంది కాదన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకోని తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ ఈ ఒక్క విషయంలో ఒకే మీట నొక్కాయి. తెలంగాణ రాష్ట్ర సమితి వ్యతిరేకించింది, 2020 మార్చి 16న శాసనసభలో తీర్మానం కూడా చేసింది. మంచిదే. కానీ ఆ తీర్మానం చేసిన సభ నియోజకవర్గాల్లోనే ఈస్‌గాం ఉంది. పౌరసత్వం మీద అంత మాట్లాడిన రోజున, ఆల్రెడీ పౌరుడైన నమశూద్రుడి కులం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ చట్టం ఏం చేసింది? మూడు దేశాలు, ఆరు మతాలు, 2014 డిసెంబరు 31 అని గీత గీసింది. హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవులకు తలుపు తీసింది. నియమాలు రావడానికి 2024 మార్చి 11 దాకా పట్టింది. వచ్చిన నియమాలు, ఏ దేశం నుంచి పారిపోయి వచ్చావో ఆ దేశపు కాగితం చూపించమన్నాయి. అర్ధరాత్రి పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తినవాడు సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని వస్తాడా? పొలం పట్టా ఉన్నవాడికి కాగితం ఉంటుంది. పొలం దున్నినవాడికి ఏముంటుంది?

జాబితాలో ఎవరు లేరో కూడా చూడండి. పాకిస్తాన్‌లో అహ్మదీయాలు లేరు. ఆఫ్ఘనిస్తాన్ హజారాలు లేరు. బర్మా రోహింగ్యాలు లేరు, వాళ్లలో కొన్నివేలమంది మన హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లోనే చెత్త ఏరుకుని బతుకుతున్నారు. హిందువుల కోసమే చట్టం అనుకుంటే శ్రీలంక తమిళులు హిందువులు కారా? 1948లో సిలోన్ పౌరసత్వ చట్టం టీ తోటల కూలీలను ఒక్క కలంపోటుతో ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. 1964లో శాస్త్రి, సిరిమావో కూర్చుని 5,25,000 మంది మీకు, 3,00,000 మంది మాకు అని పంచుకున్నారు. బస్తాలు పంచుకున్నట్టు పంచుకున్నారు. ఆ తోటల కూలీల్లో అత్యధికులు పల్లర్, పరయర్, చక్కిలియర్ కులాలవాళ్లు. ఆ చక్కిలియర్ల ఇంటిభాష చాలాచోట్ల తెలుగే. మన అరుంధతీయులే. ఆ హిందువులు ఈ చట్టానికి పనికిరాలేదు. ఎందుకంటే వాళ్లను తరిమినవాడు ముస్లిం కాడు. చట్టం పీడితుడి గాయం చూడలేదు, కత్తి పట్టుకున్నవాడి మతం చూసింది.

ఇప్పుడు రెండో ప్రశ్న. అక్కడ తప్పన్నది ఇక్కడ తప్పా?

ఆసియా బీబీ కథ మీకు తెలుసు. 2009, పాకిస్తాన్ పంజాబ్‌లో ఒక పల్లె. ఎండలో పండ్లు కోసే కూలీ. నీళ్లు తెచ్చింది, తాగింది. ఆమె ముట్టుకున్న నీళ్లు మేం తాగమన్నారు పక్కనున్న ఆడవాళ్లు. మాటా మాటా పెరిగింది. దాన్ని దైవదూషణ చేశారు, 2010లో ఉరిశిక్ష వేశారు. ఆమె పక్షాన మాట్లాడిన గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011 జనవరిలో అంగరక్షకుడే కాల్చేశాడు. మైనారిటీల మంత్రి షాబాజ్ భట్టిని మార్చిలో చంపేశారు. 2018 అక్టోబరు 31న సుప్రీంకోర్టు నిర్దోషి అనేదాకా ఆమె జైల్లోనే ఉంది.

ప్రపంచమంతా దీన్ని మతపీడన అంది. అవును, మతపీడనే. కానీ గిన్నె దగ్గర మొదలైన గొడవ ఏ మతగ్రంథంలోది? ఆ నీళ్లు మైలపడ్డాయన్న ఆలోచన ఖురాన్ లోంచి వచ్చిందా? పంజాబ్ క్రైస్తవుల్లో అత్యధికులు చూహ్రా కులం నుంచి మతం మారినవాళ్లు. 1870లలో అక్కడ వాళ్లు మారుతున్న కాలంలోనే, 1878 జులై 3న మన ఒంగోలులో క్లౌ దొర దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఇద్దరూ ఒకే బావి దగ్గరి నుంచి బయల్దేరినవాళ్లు. నేటికీ పాకిస్తాన్‌లో పారిశుద్ధ్య ఉద్యోగాల ప్రకటనల్లో ముస్లిమేతరులు మాత్రమే దరఖాస్తు చేయాలని అచ్చు వేసిన సందర్భాలున్నాయి. ముస్లిమేతరులు అన్నచోట ఏ కులం పేరు పెట్టి చదువుకోవాలో మనకు వేరే చెప్పక్కర్లేదు.

మహద్ చెరువు గొడవ నీళ్లదే. 1985 జులై 17 కారంచేడు కూడా నీళ్ల దగ్గరే మొదలైంది. మంచినీళ్ల చెరువులో బర్రెల కుడితి నీళ్లు కలుపుతుంటే ఇదేంటని అడిగిన పాపానికి మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు. మిగిలినవాళ్లు ఊరొదిలి చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అది శరణార్థి శిబిరం కాక మరేమిటి? 1991 ఆగస్టు 6 చుండూరు తర్వాత తెనాలిలో పడింది శరణార్థి శిబిరం కాక మరేమిటి? తమ జిల్లాలో సరిహద్దు లేకుండానే శరణార్థులైన మనుషులను చూసి కదలని ప్రజాప్రతినిధి, రాడ్‌క్లిఫ్ గీత అవతలి మనిషి కోసం గొంతు బొంగురుపోయేలా ఏడిస్తే నేను ఎలా నమ్మాలి?

ఇంకోటి చెప్తాను, ఇది నా ఇంటి సంగతి కూడా. 2019 చట్టం ప్రకారం పాకిస్తాన్ చూహ్రా క్రైస్తవుడు పీడితుడు, అతనికి పౌరసత్వానికి అర్హత ఉంది. బాగుంది. అదే మనిషి వచ్చి గుంటూరులోనో ఖమ్మంలోనో కాపురం పెట్టి, పక్క పేటలో మాల క్రైస్తవుడితో కలిసి ఎస్సీ హక్కు అడిగితే? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా అడ్డం వస్తుంది. హిందువైతే ఎస్సీ. 1956 నుంచి సిక్కైతే ఎస్సీ. 1990 నుంచి బౌద్ధుడైతే ఎస్సీ. క్రైస్తవుడికి, ముస్లిముకు కులం ఉండదంట! పాకిస్తాన్‌లో క్రైస్తవుడిని కూడా పీడిస్తారని చట్టం చేసిన అదే పార్లమెంటు, ఇండియాలో క్రైస్తవుడిని అంటరానివాడిగా ఎవరూ చూడరని నమ్ముతోంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో ఒకసారి, 2023 మార్చిలో ఒకసారి దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి పంపింది. ఢిల్లీలో ఏ అరలో ఉన్నాయో అవి. మా అమ్మమ్మ సమాధి మీద ఏ గుర్తు ఉందో, నా సర్టిఫికెట్‌లో ఏ మతం రాసి ఉందో రెండూ ఒకటి కావు. ఇది చదివే మీలో ఎంతమంది ఇళ్లలో ఇదే కథో నాకు తెలుసు. అందుకే రాస్తున్నా.

మూడో ప్రశ్న. మన గురించి వేరేవాళ్లు మాట్లాడితే?

2020 జనవరిలో యూరోపియన్ పార్లమెంటు ఇదే పౌరసత్వ చట్టం మీద తీర్మానాలు చర్చకు పెట్టింది. మన లోక్‌సభ స్పీకర్ ఓం బిర్లా ఆ సభాధ్యక్షుడికి లేఖ రాశారు. ఒక చట్టసభ ఇంకో చట్టసభ మీద తీర్పు చెప్పడం తగదన్నది ఆ లేఖ సారాంశం. ఆగి ఆలోచించండి. మూడు దేశాలు తమ మైనారిటీలను కాపాడలేకపోయాయని తీర్పు చెబుతూ చేసిన చట్టాన్ని వెనకేసుకొస్తూ, తీర్పులు చెప్పకండి అని రాయడం! 2023 జులైలో అదే యూరోపియన్ పార్లమెంటు మణిపూర్ మీద తీర్మానం చేస్తే, ఇది వలసవాద మనస్తత్వమని మన విదేశాంగ శాఖ మండిపడింది.

ఆంతరంగిక వ్యవహారం అన్న మాట ఎవరిదో గుర్తు చేస్తాను. 1946లో దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద వర్ణవివక్షను ఐక్యరాజ్యసమితిలో మొట్టమొదట లేవనెత్తింది ఇండియానే. అప్పుడు స్మట్స్ ప్రభుత్వం ఏమంది? మా ఆంతరంగిక వ్యవహారంలో తలదూర్చొద్దంది. మనం ఒప్పుకోలేదు. మనిషి గౌరవానికి సరిహద్దుల్లేవన్నాం. 2001లో డర్బన్‌లో, అదే దక్షిణాఫ్రికా గడ్డ మీద, కులం గురించి మన దళిత ప్రతినిధులు గొంతెత్తితే ఇండియా ప్రభుత్వం ఏమంది? కులం మా ఆంతరంగిక వ్యవహారమంది. స్మట్స్ వదిలేసిన కోటు మనవాళ్లు తొడుక్కున్నారు.

పరాయి సభలు పుణ్యాత్ములని నేననను. అమెరికా ప్రతినిధుల సభ 2007లో అంటరానితనం మీద తీర్మానం చేసింది, అదే ఏడాది యూరోపియన్ పార్లమెంటూ చేసింది. తమ ఇంట్లోకి వచ్చిన కులం దగ్గరికొచ్చేసరికి చేతులు వణికాయి. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే వీలు పెట్టుకుని, 2013లో చేర్చి తీరాలని సవరించుకుని, 2018లో అక్కర్లేదని వెనక్కి తగ్గింది. సియాటెల్ నగర సభ 2023 ఫిబ్రవరి 21న కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా రెండు సభలూ బిల్లు పాస్ చేస్తే గవర్నర్ వీటో చేశాడు. ఆ బిల్లు ఆగాలని పోరాడినవాళ్లెవరు? ఢాకా హిందువు కోసం వాషింగ్టన్‌లో మొరపెట్టుకునే హిందూ సంఘాలే. అక్కడి ఆఫీసులో తెలుగు దళిత ఇంజినీరును వీపు తడిమి కులం కనుక్కుంటే మాత్రం అది హిందూద్వేషుల కట్టుకథ అంటారు.

పాకిస్తాన్ సభ సంగతి ఇంకా బాగుంటుంది. 2019 డిసెంబరులో మన పౌరసత్వ చట్టాన్ని ఖండిస్తూ జాతీయ అసెంబ్లీ తీర్మానం చేసింది. వాళ్ల సింధ్‌లో మేఘ్వార్, కోహ్లీ, భీల్ ఆడపిల్లలను ఎత్తుకెళ్లి మతం మార్చి పెళ్లి చేస్తుంటే, 2016లో సింధ్ అసెంబ్లీ ధైర్యం చేసి బలవంతపు మతమార్పిడుల మీద బిల్లు పాస్ చేసింది. మతపార్టీలు కన్నెర్ర చేశాయి, గవర్నర్ వెనక్కి పంపాడు. 2021లో పార్లమెంటరీ కమిటీ అలాంటి ఇంకో బిల్లును తోసిపుచ్చింది. 2018లో కృష్ణకుమారి కోహ్లీ అనే దళిత మహిళ సెనేట్‌లో అడుగుపెడితే పండగ చేసుకున్నారు. ఫోటోకు దళిత స్త్రీ కావాలి, చట్టానికి అక్కర్లేదు. ఈ పద్ధతి మనకేమన్నా కొత్తా?

మన హైదరాబాదుకు వస్తా. 2007 ఆగస్టు 9. ప్రెస్ క్లబ్‌లో తస్లీమా నస్రీన్ పుస్తకం తెలుగు అనువాదం ఆవిష్కరణ. ఆమె బంగ్లాదేశ్‌లో హిందువుల మీద జరిగిన దాడుల గురించి లజ్జ రాసి దేశం వదిలిన మనిషి. ఆమె మీద దాడికి దిగినవాళ్లలో మజ్లిస్ ఎమ్మెల్యేలున్నారు. పరాయి దేశపు మైనారిటీ కోసం కలం పట్టిన ఆడమనిషి మీదికి మన చట్టసభ సభ్యులే పూలకుండీలు విసిరిన ఊరు ఇది. పౌరసత్వ చట్టం మీద మజ్లిస్ వేసిన ప్రశ్నల్లో చాలా వాటితో నాకు ఏకీభావమే. కానీ ఆ రోజును మర్చిపోను.

ఇప్పుడు మన శిబిరానికి. ఇది రాయడం అన్నిటికన్నా కష్టం.

థార్‌పార్కర్‌లో కోహ్లీ పిల్లను ఎత్తుకెళ్లారని వార్త వస్తే మన క్యాంపస్‌లో ఎందుకు నిశ్శబ్దం? మనం మాట్లాడితే ఆరెస్సెస్‌కు బలం వస్తుందని భయం. 2024 ఆగస్టు తర్వాత బంగ్లాదేశ్‌లో హిందువుల ఇళ్ల మీద దాడులు జరిగితే, అబద్ధపు వీడియోలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి అసలేమీ జరగలేదన్నట్టు ఊరుకున్నాం. అబద్ధపు వీడియో ఉన్నంత మాత్రాన కాలిన ఇల్లు అబద్ధం అవుతుందా? మన ఊళ్లో దాడి జరిగినప్పుడు, ఇది పాత కక్షల గొడవ, కులం గొడవ కాదు అని ఎవరు అంటారో తెలుసు కదా. సరిహద్దు అవతలి దళితుడికి మనమూ అదే జవాబు చెబుతున్నాం. ఎవరికి లాభమో లెక్క చూసుకుని ఏడ్చేది రాజకీయ నాయకుడు. మనం కూడా ఆ లెక్కే చూస్తే, వాళ్ల గురించి పదిహేడు భాగాలు రాసే హక్కు నాకు లేదు.

కాబట్టి నా మాట సూటిగా చెప్తాను. పీడనకు గురై వచ్చిన హిందువుకు పౌరసత్వం ఇవ్వొద్దని నేననడం లేదు. ఇవ్వండి. ఇంకా ముందే ఇవ్వాల్సింది. తలుపు తెరిచినందుకు కాదు నా గొడవ, తలుపు మీద మతాల పేర్లు రాసి, కులాన్ని కడిగేసి, మిగిలినవాళ్ల మొహాన వేసినందుకు.

ఢాకాలో తెలుగు కాలనీలున్నాయని మీలో ఎంతమందికి తెలుసు? ఇంగ్లీషు దొరలు మన కోస్తా జిల్లాల నుంచి ఊడ్చే పనికి పట్టుకెళ్లిన మనుషుల మనవలు, మునిమనవలు. ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఇప్పటికీ ఆ నగరాన్ని ఊడుస్తారు. 2023 ఫిబ్రవరిలో ధోల్‌పూర్ తెలుగు కాలనీని ఖాళీ చేయమన్నారు. వాళ్లు మైనారిటీ, వాళ్లు దళితులు, వాళ్లు తెలుగువాళ్లు. మన ఎంపీలు ఏడవడానికి ఇన్ని కారణాలు ఒక్కచోట ఇంకెక్కడ దొరుకుతాయి? మీ ఎంపీ మీ కాలేజీకి ముఖ్య అతిథిగా వచ్చినప్పుడు, లేచి ఆ కాలనీ పేరు అడగండి.

ఇంకా అడగండి. 1951 శరణార్థుల ఒప్పందం మీద ఇండియా ఇప్పటికీ సంతకం చేయలేదు, ఎందుకు? మతం చూడకుండా, ప్రాణభయం చూసి ఆశ్రయమిచ్చే చట్టం మనకు లేదు. 2015లో శశి థరూర్ లాంటి సభ్యులు ప్రైవేటు బిల్లులు పెట్టారు, అవి చట్టం కాలేదు. మీరు పెడతారా? 1950 ఉత్తర్వు మూడో పేరా మీద మీ వైఖరి ఏమిటి? పునరావాసం పేరుతో రాష్ట్రాలు మార్చిన నమశూద్రుల కులాన్ని జాబితాలో చేర్చమని శాసనసభ తీర్మానం చేయదా? కులం పుట్టినచోటే ఉంటుందా, మనిషితో పాటు వస్తుందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు మనకు తెలుసు. వాళ్ల నోటితో చెప్పించాలి.

ఆ పిల్లవాడు నిన్న మళ్లీ వచ్చాడు. ఫీజు సంగతి స్టాఫ్ అందరం కలిసి ఈ ఏడాదికి సర్దాం. అది దానం, హక్కు కాదు. ఆ తేడా వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఎమ్మెల్యేకు ఇవ్వడానికి అర్జీ రాశాడు, తెలుగు దిద్దమన్నాడు. మొదటి వాక్యంలో "మేము శరణార్థులము" అని రాసుకున్నాడు. ఆ మాట కొట్టేసి "మేము ఈ రాష్ట్ర పౌరులము, అంటరాని కులస్థులము" అని రాయించాను. వచ్చే సోమవారం వాడితో పాటు నేనూ వెళ్తున్నా. రాగలిగినవాళ్లు రండి.

జై భీమ్.